ఈ చెమ్మ ఎవరిది

మా చర్చిలో ఊరికే చేసిపెట్టిన పనికి ఎవరూ వంక పెట్టరు. ఎవరింట్లో కప్పు కారినా, ఎవరికి అదనంగా ఒక గది కావాల్సి వచ్చినా శనివారం పొద్దున్నే మగవాళ్లు పనిముట్లతో దిగిపోతారు. ఆ ఇంటి ఆడమనిషి కాఫీ, బన్నులు, ప్లమ్ జామ్ సిద్ధంగా ఉంచుతుంది. సాయంత్రానికి పని అయిపోతుంది, అందరూ తలలు వంచి ప్రార్థన చేసుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత తలుపు సరిగ్గా పడకపోయినా దాని సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే కార్నీ లెప్కీకి కోపం వస్తుంది. కార్నీ మా చర్చి పెద్ద, డీకన్. విన్నిపెగ్‌లో మా వాళ్ల బేస్‌మెంట్లు, అంటే ఇళ్ల కింది నేలమాళిగలు, సగం ఆయన చేతి మీదే గదులయ్యాయి.

ఆ కార్నీ తమ్ముడు ఏబ్ భార్యే నెటీ. ఏప్రిల్లో, మంచు కరిగే రోజుల్లో నెటీ చేసిన పని గురించి మా వాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. నేను మాత్రం తగ్గించను.

ఆ సోమవారం నెటీ బేస్‌మెంటులో ఉతికిన దుప్పట్లు బుట్టలో వేసుకుని మెట్లెక్కి పెరట్లోకి వచ్చింది. తాడు మీద వేసిన దుప్పటి ఇంకోటి వేసేలోపే పొద్దుటి చలికి గడ్డకట్టి బిగుసుకుపోతోంది. చలికాలమంతా అలా ఆరేసీ ఆరేసీ ఆవిడ వేళ్ల కణుపులు పగిలిపోయాయి. బట్టల క్లిప్పు నొక్కినప్పుడల్లా పళ్లు బిగబట్టుకుంటోంది. కంచె అవతల పక్కింటి ట్రూడీ వీబ్ తన బుట్టతో నిలబడి చూస్తోంది.

"చేతులు చూసుకున్నావా నెటీ? అంత పెద్ద బేస్‌మెంటు పెట్టుకుని ఇక్కడెందుకు అవస్థ? లోపల ఆరేసుకోరాదూ?"

"లోపల ఆరేస్తే గోడ చెమ్మెక్కుతుందట."

"ఎవరన్నారు?"

"ఎవరంటారు మరి."

ట్రూడీ రెండు తువ్వాళ్లు ఆరేసింది. తర్వాత అంది: "మీ అమ్మాయి వెర్నా వచ్చేస్తోందటగా?"

"ఈ నెలాఖరుకి. పిల్ల కార్లాని తీసుకుని శాశ్వతంగా వచ్చేస్తోంది. ఇక ఆ మొగుడితో పడలేనంది. శనివారం కింద వాళ్ల గదికి గోడలు కడుతున్నారు, మీ హాంక్ కూడా వస్తున్నాడుగా."

"వస్తాడు. పిల్లని ఎటు పక్క పడుకోబెడతావు?"

"ఉత్తరం పక్క. కిటికీ అటే ఉంది."

"కారు నిలిపే గచ్చు పక్కన."

"ఆ. ఏం?"

ట్రూడీ నోట్లో క్లిప్పు తీసి జేబులో వేసుకుంది. "ఆ పిల్లకి పిల్లికూతలు తగ్గాయా?"

"ఎక్కడ తగ్గాయి. పోయిన నెల కూడా ఆస్పత్రిలో ఉంచారు."

"అయితే ఆ బుట్ట కింద పెట్టు. మా ఇంట్లోకి రా, నీకొకటి చూపించాలి."

ట్రూడీ వాళ్ల బేస్‌మెంటు గది కార్నీ కట్టిందే. లేత పచ్చ రంగు, పువ్వుల అంచు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మూలన ఫ్రీజరు, దాని వెనక ఒక పరదా. ట్రూడీ ఫ్రీజర్ని తుంటితో పక్కకి నెట్టి పరదా తీసింది. అక్కడ గోడని కప్పే బోర్డు లేదు. నిలువు చెక్కలు మోకాలెత్తు దాకా నల్లబడి ఉన్నాయి. వాటి మధ్య చలి ఆపడానికి కూరే గాజుదూది లేదు, వెనక కాంక్రీటు మీద నల్లటి బూజు. నెటీ ఏప్రను అంచు ఎత్తి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"వాసనొస్తోంటే పోయినేడు హాంక్ విప్పాడు. దూది తీస్తే నీళ్లు కారాయి, గిన్నెలు తోమే స్పాంజి పిండినట్టు. సగం తీసి ఇక చూడలేక పరదా కట్టేశాం."

"కార్నీకి చెప్పలేదా?"

"ఏమని చెప్తాం? ఊరికే చేశాడు కదా."

"ఊరికే చేస్తే?"

ట్రూడీ పరదా మళ్లీ లాగింది. "మా కోడలి అన్న ఒక ఉపాయం చెప్పాడు. మాకు గోడ కట్టేశాక తెలిసి ఏం లాభం, నీకైనా పనికొస్తుంది. ఒక పాలిథీన్ ముక్క గోడకి పెట్టి నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు వెయ్యి. రెండు మూడు రోజులుంచు. ముక్క మీద, అంటే గది వైపు తడి పట్టిందనుకో, అది నీ ఇంట్లో తేమ. ముక్క కింద, గోడ వైపు పట్టిందనుకో, అది గోడలోంచి వస్తోంది."

"అంతేనా?"

"అంతే. ఇదేం రాకెట్లు పంపే పని కాదు."

ఆ సాయంత్రం నెటీ రొట్టె వచ్చిన పాలిథీన్ సంచి కత్తిరించి చదరం చేసింది. ఉత్తరం గోడ మీద మోకాలెత్తున తెల్లగా ఉప్పు పూసిన చోటొకటుంది. అక్కడ గుడ్డతో తుడిచి టేపు వేస్తే చల్లటి కాంక్రీటు మీద పట్టుకోలేదు, ఊడి చేతికే అంటుకుంది. ఆవిడ పైకెళ్లి తల ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి గోడని కాసేపు వెచ్చచేసి మళ్లీ వేసింది. ఈసారి నిలిచింది. గోళ్లతో నాలుగంచులూ నొక్కి నొక్కి వేసింది. ఇంట్లో ఆవిరి పట్టకుండా ఆ రోజు నుంచి వంట గిన్నెల మీద మూతలు తీయలేదు, స్నానాల గది తలుపు తెరిచి ఉంచనివ్వలేదు. ఏబ్ రెండుసార్లు విసుక్కున్నాడు.

బుధవారం కార్నీ ట్రక్కు వచ్చింది. నిలువు చెక్కలు, గాజుదూది కట్టలు, పాలిథీన్ చుట్ట ఆయనే భుజాన వేసుకుని దింపాడు. డెబ్బై దగ్గర పడుతున్నా ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు. చెక్కలు గోడకి ఆనించబోతూ కిందికి చూశాడు.

"ఇదేంటి నెటీ? గోడకి పట్టీ వేశావు, జ్వరమొచ్చిందా దానికి?"

నెటీ నోరు తెరిచేలోపే వంగి ఆ ముక్కని ఒక మూల పట్టుకుని లాగేశాడు. ఉండచుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పని చోట చెత్త ఉండకూడదు ఆయనకి.

"దాని వెనక తడి ఉందా బావా?"

"చూళ్లేదు. ఉంటే ఉంటుంది. నీ బట్టల తడి ఎక్కడికి పోతుంది?"

"నేనిక్కడ బట్టలు ఆరేసి ఎన్నేళ్లయింది. వెర్నా బళ్లో చదివేటప్పుడు మీరే కదా వచ్చి, వాసన చూసి, ఇదిగో నీ తాళ్లు, ఇదిగో నీ చెమ్మ అన్నారు. ఆ రోజే తాళ్లు విప్పేశాను."

"మరి వంటలో? స్నానాలో? మనుషులన్నాక ఊపిరి పీలుస్తారు. ఆ తేమ పోయి గోడకి కొడుతుంది. అందుకే కదమ్మా ఈ పాలిథీన్. దూది మీద ఇది పరిచి పైన బోర్డు కొట్టామంటే నీ తేమ గోడలోకి పోదు."

"గోడలోంచి వచ్చేది ఎటు పోతుంది?"

కార్నీ ఆవిడ వైపు చూశాడు. ఆయన్ని అలాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. అదీ కాఫీ పోసే మనిషి. నవ్వేశాడు.

"శనివారం ఎనిమిదింటికి వస్తాం. రూబార్బ్ కాడలతో కేకు చెయ్యి, ముసలి ఫ్రీసన్ దానికోసమే వస్తున్నాడు."

ట్రక్కు మలుపు తిరిగాక నెటీ ఇంకో రొట్టె సంచి కత్తిరించింది. ఈసారి ఒకటి కాదు, రెండు ముక్కలు అంటించింది.

శుక్రవారం మధ్యాహ్నం దీపం పట్టుకుని వంగి చూసింది. ముక్క పైన అరచేత్తో రాసింది. చేతికి పొడి దుమ్మంటింది. ముక్క కింద చెమట బిందువుల్లాంటి నీటి చుక్కలు. ఒకదాంట్లో ఒకటి కలిసి కిందికి జారి టేపు అంచున సన్నటి గీతగా నిలిచాయి. రెండో ముక్క కింద కూడా అంతే. నెటీ నేల మీద అలాగే కూర్చుండిపోయి ఏబ్‌ని పిలిచింది.

ఏబ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మళ్లీ దించి, చూశాడు. "అవునే" అన్నాడు.

"అవునే అని ఊరుకుంటే?"

"అన్నయ్యకి చెప్పాలి."

"చెప్పు."

"చెప్తా. కానీ అందరూ వస్తున్నారు రేపు. అంతమందిలో ఎలా చెప్పను? ఊరికే చేస్తున్నాడు పాపం, ఆయన వయసులో..."

"ఊరికే అనకు ఏబ్. ఈ చేతులు చూసి అను."

ఏబ్ ఆ చేతులు చూశాడు. ఇన్నేళ్లూ అవి తన ముందే ఉన్నాయి. పైకి వెళ్లిపోయాడు.

నెటీకి ఒళ్లు మండిపోయింది. తడి గోడలోంచి వస్తోంది, సరే, గోడకి ఎక్కడి నుంచి వస్తోంది? కోటు వేసుకుని బయటకు వచ్చింది. కప్పు మీది మంచు కరిగి చూరు గొట్టంలోంచి ధారగా గచ్చు మీద పడుతోంది. ఆ గచ్చు కార్నీయే పోశాడు, ఆ రోజు కూడా శనివారమే, ఆవిడే కాఫీ పెట్టింది. పడ్డ నీళ్లు వీధి వైపు పోవాలి. పోవడం లేదు. నెటీ లోపలికి వెళ్లి గిన్నెలు కడిగిన నీళ్ల బేసిను తెచ్చి గచ్చు మధ్యలో వొంపింది. నురగ ఒక క్షణం ఆగి, మెల్లగా తిరిగి ఇంటి వైపు నడిచింది. గచ్చుకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందులో దిగి మాయమైంది. మరో బేసిను తెచ్చి పోసింది. అదీ అటే పోయింది.

ఆవిడ గుమ్మంలో కూర్చుని నవ్వింది. మంచులో బుట్టలు మోసిన సోమవారాలన్నీ గుర్తొచ్చి ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. తర్వాత ముక్కు చీదుకుని లేచింది.

శనివారం పనికి మనుషులొస్తున్నారంటే ముందురోజు సాయంత్రమే మా ఆడవాళ్లు బన్నులకి పిండి కలుపుతారు. నెటీ పెద్ద గిన్నె బయటకు తీసి, తుడిచి, మళ్లీ అలమరలో పెట్టేసింది.

"పిండి కలపలేదేం?" అన్నాడు ఏబ్.

"కలపను."

శనివారం పొద్దున కార్నీ, ఆయన కొడుకు రూడీ, ట్రూడీ భర్త హాంక్, ముసలి ఫ్రీసన్ వెనక గుమ్మంలో బూట్లు దులుపుకుని వంటింట్లోకి వచ్చారు. పొయ్యి చల్లగా ఉంది. బల్ల మీద ఏమీ లేదు. ఫ్రీసన్ ముక్కు ఎగబీల్చాడు.

"దారి తప్పి వేరే ఇంట్లోకి వచ్చామా ఏంటి?"

"నీళ్లు కాగుతుంటాయి, పదండి" అంటూ కార్నీ మెట్లు దిగాడు. ఏబ్ అందరికీ వెనకగా, తల వంచుకుని దిగాడు.

కింద నెటీ వంటింటి కుర్చీ ఒకటి వేసుకుని ఉత్తరం గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"లే నెటీ. అక్కడి నుంచే మొదలెట్టాలి."

"మిగతా మూడు గోడలూ మీ ఇష్టం బావా. దీని మీద ఒక్క మేకు పడదు."

హాంక్ నవ్వబోయి ఆగాడు. కార్నీ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "పొద్దున్నే హాస్యాలేంటి? కాఫీ కూడా పెట్టలేదు నువ్వు."

"ఈ గోడ మూస్తామంటే ఈ ఇంట్లో కాఫీ లేదు."

మా వాళ్లలో ఆ మాట అన్న ఆడమనిషిని అంతకు ముందు నేనెరగను. ఫ్రీసన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నెటీ లేచి కుర్చీ పక్కకి జరిపి, కత్తితో టేపు కోసి, ముక్కని మెల్లగా విప్పి అందరికీ చూపించింది. "ఇది గది వైపు, పొడిగా ఉంది. ఇది గోడ వైపు." చుక్కలు ఆవిడ మణికట్టు మీదుగా కారాయి.

"నేలమాళిగ అన్నాక ఆమాత్రం ఉంటుంది" అన్నాడు కార్నీ. "ఇంట్లో తేమే అటూ ఇటూ తిరిగి..."

"ఒకసారి అందరూ బయటకు రండి. వచ్చాక కూడా అదే మాటంటే నేను అడ్డం తప్పుకుంటాను."

వెళ్లారు. ఆవిడ ఒక నీళ్ల కెటిలు తెచ్చింది. ట్రూడీ తన కంచె దగ్గర అప్పటికే నిలబడి ఉంది. నెటీ గచ్చు మధ్యలో నీళ్లు పోసింది. నీళ్లు పల్చగా పరుచుకుని, ఇంటి వైపు తిరిగి, సందులోకి గుటగుటమంటూ దిగిపోయాయి. రూడీ అలవాటు కొద్దీ బెల్టులోంచి వాలు చూసే రసమట్టం తీసి గచ్చు మీద పెట్టాడు. లోపలి బుడగ వీధి వైపు పోయి అక్కడే ఆగింది. ఇంటి వైపు పల్లమని వేరే చెప్పక్కర్లేదు.

"తియ్‌రా అది" అన్నాడు కార్నీ.

రూడీ తీసేశాడు.

"మట్టి కదిలింది. ఈ ఊరి బంకమట్టి సంగతి తెలిసిందే, ఎండితే కుంగుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. నేను పోసినప్పుడు వాలు సరిగ్గానే ఉంది."

"ఉండే ఉంటుంది బావా. మట్టి కదిలినందుకు మిమ్మల్నేం అనను. కానీ మట్టి మీద వెయ్యాల్సిన తప్పు నా బట్టల మీద వేశారు. ఒక్కసారి బయటకొచ్చి చూడకుండా వేశారు. ఇప్పుడు ఆ తడి మీద దూది కప్పి, బోర్డు కొట్టి, ఊపిరాడని నా మనవరాలిని దాని పక్కన పడుకోబెట్టమంటున్నారు."

"ఊరికే వచ్చి చేస్తోంటే ఇదా మాట?"

"ఇదే మాట. ఊరికే చేశారనే ఇన్నాళ్లూ నోళ్లు మూసుకున్నాం. కూలిచ్చి చేయించుకుంటే ఎప్పుడో అడిగేవాళ్లం."

అప్పుడు ట్రూడీ కంచె మీద చేతులు పెట్టి అంది: "మేం మా గోడ విప్పాం కార్నీ. పోయినేడు."

"ట్రూడీ" అన్నాడు హాంక్.

"ఏం ట్రూడీ? ఫ్రీజరు వెనక పరదా కట్టుకుని ఎన్నాళ్లు కూర్చోమంటావు? నల్లగా కుళ్లిపోయింది కార్నీ, వచ్చి చూసుకో."

ఫ్రీసన్ తన బూట్ల వైపు చూసుకుంటూ మెల్లగా అన్నాడు: "మా ఇంట్లోనూ వాసనొస్తుంది. మా ఆవిడ ఊరగాయ జాడీల నుంచేమో అనుకున్నా. ఆ జాడీలన్నీ పారబోయించాను." మళ్లీ తనే అన్నాడు: "పాపం, ఏడ్చింది కూడా."

కార్నీ మొహం ఎర్రగా కందిపోయింది. ఒక్కొక్కరి వైపూ చూశాడు. హాంక్ ఆకాశం చూస్తున్నాడు. సొంత కొడుకు రసమట్టం అద్దం తుడుస్తున్నాడు. కార్నీ నడిచి వెళ్లి ట్రక్కెక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను మోగింది.

అంతవరకూ గోడకి ఆనుకుని ఉన్న ఏబ్ అప్పుడు కదిలాడు. షెడ్డులోకి వెళ్లి పెద్ద సమ్మెట తెచ్చి, అన్నయ్య పోసిన గచ్చు నడిమధ్య నిలబడి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. సమ్మెట ఎగిరి వెనక్కొచ్చింది. గచ్చు మీద తెల్లటి చుక్క పడింది, అంతే. మళ్లీ కొట్టాడు. చేతులు జివ్వుమన్నట్టున్నాయి, విదిలించుకున్నాడు.

ట్రక్కు అద్దం కిందికి దిగింది. "నడిమధ్య కొడతావేంట్రా ఎద్దులా? అంచు నుంచి రావాలి."

ఏబ్ అన్నయ్య వైపు చూశాడు. చూస్తూనే సమ్మెట ఎత్తి సరిగ్గా నడిమధ్యే మళ్లీ కొట్టాడు.

నెటీ పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి అన్నయ్య మాట జవదాటడం అదే మొదటిసారి చూడ్డం.

ఇంజను ఆగిపోయింది. కార్నీ దిగి, ట్రక్కు వెనక నుంచి గడ్డపార లాగి, తిన్నగా వచ్చి గచ్చు అంచు కింద దూర్చాడు. "నేను ఎత్తిపడతా. ఇప్పుడు కొట్టు. కింద బోలుగా ఉంటేనే పగులుతుంది, తెలిసి చావదు నీకు." ఏబ్ కొట్టాడు. పలక అడ్డంగా చీలింది. హాంక్, రూడీ వచ్చి ఆ ముక్కని పొర్లించారు. కింద నల్లటి బంకమట్టి గుంటపడి ఉంది, దాంట్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కార్నీ ఆ నీళ్లని చాలాసేపు చూశాడు.

"బావా" అంది నెటీ. "నా బట్టల సంగతి?"

ఆయన గడ్డపార తీసి రెండో పలక కింద పెట్టాడు. ఆవిడ లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఆ రోజు మా చర్చివాళ్లు శనివారం పనిలో కొట్లో కొన్న రొట్టె తిన్నారు. ఎవరూ దానికి వంక పెట్టలేదు. సాయంత్రానికి గచ్చు ముక్కలన్నీ ట్రక్కెక్కాయి. గోడ వారన మట్టి పోసి, దిమ్మిస కొట్టి, వీధి వైపు వాలు చేశారు. చూరు గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి దూరంగా తోటలోకి వదిలారు. నిలువు చెక్కలూ గాజుదూదీ షెడ్డులో పెట్టారు. గోడ ఆరడానికి వేసవంతా పట్టొచ్చు. అంతవరకు వెర్నా, కార్లా పైన కుట్టుగదిలో పడుకుంటారని నెటీ ఫోన్లో చెప్పేసింది.

సోమవారం ఆవిడ దుప్పట్లు ఉతికి మెట్లెక్కలేదు. కప్పు దూలాలకి పాత కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. కొత్త తాడు తెచ్చి ఈ మూల నుంచి ఆ మూలకి వరసలుగా కట్టి, కిటికీ తెరిచి, తడి దుప్పట్లు ఒక్కొక్కటే వేసింది. ఉత్తరం గోడ మీద కొత్త పాలిథీన్ ముక్కొకటి అంటించి ఉంది. బేస్‌మెంటంతా సబ్బు వాసన నిండింది.

కార్నీ వచ్చాడు. మెట్ల మీదే ఆగిపోయాడు. ఆయనకీ గోడకీ మధ్య దుప్పట్లే దుప్పట్లు.

"నెటీ, గోడ ఎలా ఉందో చూద్దామని వచ్చా. ఇవి కొంచెం జరుపుతావా?"

నెటీ నోట్లో క్లిప్పు తీసింది. "జరపను బావా. వంగి వెళ్లండి."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మోకాలు మీద చెయ్యి ఆన్చి నడుం వంచి మొదటి దుప్పటి కింద దూరాడు. తడి అంచు ఆయన మెడ మీద రాసుకుంటూ పోయింది. రెండోదాని కిందా వంగాడు, మూడోదాని కిందా వంగాడు. దుప్పట్ల అవతల ఆయన బూట్లు గోడ దగ్గర ఆగడం నెటీకి కనిపించింది.

పాలిథీన్ ముక్కని వేలితో తడిమిన చప్పుడయింది, తర్వాత అటు నుంచి మాట వచ్చింది.

"నీ బట్టల వల్ల కాదులే నెటీ."

"ఆ" అంది నెటీ. ఇంకో దుప్పటి దులిపి తాడు మీద వేసింది.